చివరి పావురాన్ని ఎవరు చంపారు?



సెప్టెంబరు 1వ తేదీని సృష్టి పరిరక్షణ కొరకు ప్రార్థించే దినంగా పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో ప్రకటించారు. 1914లో అదే తేదీన అమెరికాలోని సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో ఒక ఆడ పావురం చనిపోయింది. దాని పేరు మార్తా. 'ప్యాసింజర్ పీజియన్' అనే పావురాల జాతిలో లోకమంతటికీ మిగిలిన చిట్టచివరి పక్షి అది.

ఒకప్పుడు ఉత్తర అమెరికాలో ఈ పావురాలు 300 కోట్ల నుండి 500 కోట్ల వరకు ఉండేవని శాస్త్రజ్ఞుల అంచనా. 1813లో ఆడుబాన్ అనే పక్షి చిత్రకారుడు కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ పట్టణానికి వెళ్తూ వీటి గుంపును చూశాడు. మిట్టమధ్యాహ్నం గ్రహణం పట్టినట్టు వెలుగు మందగించిందట. మూడు రోజులపాటు ఆ పక్షులు ఎడతెగక సాగిపోతూనే ఉన్నాయని ఆయన రాశాడు.

మరి వంద సంవత్సరాలలో అవన్నీ ఏమైనట్టు? సేద్యం కోసం అడవులు నరికారు. ఆ చెట్ల కాయలే వాటి మేత. అంతకు మించినది వేట. పావురాలు ఎక్కడ గూళ్లు కట్టాయో టెలిగ్రాఫ్ ద్వారా కబురు అందేది. వేటగాళ్లు రైలెక్కి వచ్చేవారు. వలలు వేసేవారు, తుపాకులతో కాల్చేవారు, గూళ్లున్న చెట్లనే పడగొట్టేవారు, పొడవాటి కర్రలతో పిల్లలను రాల్చేవారు. చంపిన పక్షులను పీపాలలో నింపి రైళ్లలోనే నగరాలకు పంపేవారు. 1878లో మిషిగన్ రాష్ట్రంలోని పెటోస్కీ దగ్గర రోజుకు 50,000 పక్షులను నెలల తరబడి చంపారని చెబుతారు. ఈ పావురం గూటిలో పెట్టేది ఒకే ఒక గుడ్డు. చావు అంత వేగంగా వస్తుంటే పుట్టుక ఎలా సరితూగుతుంది?

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఈ జాతిని చంపిందెవరు? మార్తాను ఎవరూ చంపలేదు. అది పంజరంలో తనంతట తానే ప్రాణం విడిచింది. వేటగాళ్లలో ఏ ఒక్కరిని నిలదీసినా, "కోట్లలో నేను పట్టింది నాలుగు బుట్టలే గదా!" అంటాడు. అతని లెక్క తప్పు కాదు. అయినా పావురాలు మాత్రం లేవు.

నేను సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మా గురువుగారు ఒక పాత గ్రీకు చిక్కుప్రశ్న వేసేవారు. కళ్లంలో ధాన్యపు రాశి ఉంది. ఒక గింజ తీసినా రాశి రాశిగానే ఉంటుంది. మరొకటి తీసినా అంతే. అయితే ఏ గింజతో అది రాశి కాకుండా పోతుంది? అప్పుడు మేము నవ్వుకున్నాము. ఈ పావురాల కథ చదివాక నాకు నవ్వు రాలేదు. ఇవి పెద్ద గుంపులుగా ఉంటేనే సరిగా పిల్లలను పెంచగలిగేవని, గుంపులు చెదిరాక వేలకొద్దీ మిగిలినా కోలుకోలేకపోయాయని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంటే చివరి గింజ తీయక ముందే రాశి పోయింది. అది ఏ రోజున పోయిందో ఎవరూ గమనించలేదు.

1857లో ఒహాయో రాష్ట్ర శాసనసభలో వీటి రక్షణకై ఒక బిల్లు వచ్చింది. ఇంత విస్తారంగా పుట్టే పక్షికి రక్షణ అక్కరలేదని సెనేట్ కమిటీ తేల్చింది. సరిగ్గా 57 ఏళ్ల తరువాత మార్తా చనిపోయింది ఆ ఒహాయోలోనే.

"ఆకలికి పక్షిని తినడం పాపమా ఫాదర్?" అని మీరు అడగవచ్చు. కాదు. ఆ చవక మాంసం ఎందరో పేదల కడుపు నింపింది. కాని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చూడండి. దారిలో గూడు కనబడితే పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని విడిచిపెట్టాలని ప్రభువు ఆజ్ఞ. తినవద్దని కాదు, రేపటిని కూడా తినవద్దని. తల్లినీ పిల్లనూ కలిపి పట్టినవాడు ఆకలి దాటి దురాశలోకి అడుగుపెట్టాడు.

అప్పును వందమంది పంచుకుంటే తలా కొంచెం తగ్గుతుంది. పాపం అలా తగ్గదు. సామాజిక పాపం అనేది ఎందరో చేసిన వ్యక్తిగత పాపాలు పోగుపడగా ఏర్పడినదేనని పునీత రెండవ జాన్ పాల్ పోపు గారు 1984లో బోధించారు. "అందరూ చేశారు" అనే మాట వెనుక మనుషులున్నారు, వారిలో నేనూ ఉన్నాను.

పోయింది ఒక పక్షే గదా అనకండి. దేవుని మంచితనాన్ని ఏ ఒక్క సృష్టీ పూర్తిగా చూపలేదు గనుకనే ఆయన ఇన్ని రకాలను కలుగజేశాడని పునీత తోమస్ అక్వినాస్ వివరించారు. ఒక జాతి పోతే ఆయనను స్తుతించే ఒక స్వరం మూగబోయినట్టే. పిచ్చుకలలో ఒక్కటి కూడా దేవుని మరపుకు రాదని క్రీస్తునాథుడు చెప్పలేదా?

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలన్నారు. మన ఊళ్లలో నీళ్లు చూడండి. పక్కవాడు 300 అడుగులు వేస్తే మనం 400 అడుగుల బోరు వేస్తాము. "నా ఒక్క బోరుతో ఏమవుతుంది?" అంటాము. ప్రతి ఇంటివాడూ అదే మాట అంటాడు. చివరికి ఊరి బావి ఎండుతుంది. దానిని ఎండబెట్టిన వాడెవరంటే ఎవరూ పలకరు.

దివ్యబలిపూజ ఆరంభంలో, చేసిన చెడుకే గాక చేయక విడిచిన మేలుకు కూడా మనం క్షమాపణ వేడుకుంటాము. ఈ ఆదివారం ఆ ప్రార్థన చెప్పేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. "నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?" అని నేను దేని విషయంలో అనుకుంటున్నానో ఆలోచించండి. ఇంటికి వెళ్లాక ఆ ఒక్కదానిలో తల్లిపక్షిని విడిచిపెట్టండి.