ఎదురుచూపులోని ఋణము

డిసెంబరు 1వ తేదీ వచ్చుసరికి కేరళదేశమున నోము పట్టు సుర్యాని క్రైస్తవుల యిండ్లలో వంటతీరు మారును. మాంసము, చేప, గ్రుడ్డు, పాలు పొయ్యి దరికి రావు. క్రీస్తు జన్మదినారాధన ముగియువరకు సాగు నీ వ్రతమును వారు ఇరువదియైదు దినముల నోమని వ్యవహరింతురు. పాశ్చాత్య సంప్రదాయము ననుసరించు సంఘములలో ఈ కాలము క్రిస్మసునకు ముందు నాలుగవ ఆదివారమున ఆరంభమగును. తెలుగు క్రైస్తవులు దీనిని ఆగమన కాలమందురు. ఆరంభదినము వేరు, భోజననియమము వేరు. చేయవలసిన పని మాత్రము రెండుచోట్లను ఒక్కటే: ఎదురుచూచుట.

ఈ కాలమున ప్రబోధకులు కృతజ్ఞతను, కనికరమును జంటగా బోధింతురు. జంట సహజమైనదిగనే తోచును. కాని కొంచెము నిలిచి యోచించినచో చిక్కు కనబడును. పొందినదానికి గదా కృతజ్ఞత; ఇంకను రానివానికొరకు కనిపెట్టుకొని యున్నవాడు దేనికి కృతజ్ఞుడు కావలెను? ఒకసారి వచ్చినవాడే మరల రానున్నాడని సంఘము సమాధానము చెప్పును. మంచిదే. అయినను ఆ రాక మనుజుడు బదులు తీర్చగల యుపకారము కాదు. తీర్చుటకు వీలుకాని ఉపకారమును ధరించి బ్రతుకుట యెట్లన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న క్రైస్తవులకు మాత్రమే చెందినది కాదు. రామాయణము ఉత్తరకాండయందు శ్రీరాముడు హనుమంతునకు వీడ్కోలు చెప్పుచు, అతడు చేసిన మేలు తనయందే జీర్ణమైపోవలెనని కోరును. ప్రత్యుపకారము చేయగోరువాడు, తెలిసియో తెలియకయో, మేలుచేసినవానికి ఆపద రావలెనని కోరుచున్నవాడగునని ఆయన భావము. ఎంత సూక్ష్మమైన పరిశీలన! ఋణము తీర్చవలెనను తొందర పైకి సద్గుణమువలె కనబడును. లోన, ఒకరికి తక్కువవాడనై యుండలేనను అభిమానము పనిచేయుచుండవచ్చును. తీర్చివేసినవాడు నిట్టూర్చి తేలికపడును. అతడు కోరినది విడుదలయే గాని స్నేహము కాదు.

ఈ వెలుగులో మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయమునందలి ఉపమానమును చూచినచో అది క్రొత్తగా కనబడును. ఒక రాజునకు అతని దాసుడు పదివేల తలాంతులు అచ్చియుండెను. ఒక తలాంతు ఇంచుమించు ఆరువేల దేనారములు. ఒక దేనారము కూలివాని దినవేతనము. అనగా ఆ బాకీ 6 కోట్ల దినముల కూలి. దినము తప్పక పనిచేసినను 1,60,000 సంవత్సరములకు పైగా పట్టును. దాసుడు సాగిలపడి, ఓర్చుకొనినచో సమస్తమును చెల్లింతునని పలికెను. అతడడిగినది గడువు, రాజిచ్చినది క్షమాపణ. వెలుపలికి పోయినవెంటనే అతడు తనకు నూరు దేనారములు బాకీయున్న తోడిదాసుని గొంతు పట్టుకొనెను, చెరసాలలో వేయించెను.

బోధకులు సాధారణముగా ఆ రెండవ బాకీని చిల్లర పైకముగా తీసివేయుదురు. అది చిల్లర కాదు. మూడునెలలకు పైబడిన కూలి పోగొట్టుకొనుట ఏ పేదవానికైనను గట్టిదెబ్బయే. కనికరము నిజమైనదైనచో దానికి వెల యుండును. మరియొకటి: వాడు రాజుమాట వినెనే గాని నమ్మెనా? ఇంకను తాను చెల్లింపవలసినవాడనే తలంచి, దొరికినచోటనెల్ల పైకము కూడబెట్ట బయలుదేరెనేమో! సువార్త ఈ మాట చెప్పలేదు. అయినను వాని క్రూరత్వమునకు ఇంతకంటె దగ్గరి కారణము కనబడదు. ఉపకారమును తనలో జీర్ణము కానీయక, లెక్కగనే ఉంచుకొన్నవాడు ఎదుటివానియందును లెక్కనే చూచును.

ఇంతవరకు కృతజ్ఞత ముందు, కనికరము వెనుక అను వరుస సరిపోయినది. కాని సుర్యాని సంఘపు పంచాంగము ఈ వరుసను తలక్రిందుచేయు ఒక ఆదివారమును క్రిస్మసునకు ముందే నిలిపినది. అది యోసేపునకు కలిగిన ప్రత్యక్షతను స్మరించు ఆదివారము. తనకు ప్రధానము చేయబడిన మరియ గర్భవతియని ఎరిగినప్పుడు యోసేపు చేతిలో ధర్మశాస్త్రముండెను, అది కఠినమైనది. ఆమెను నలుగురిలో అవమానింపనొల్లక, రహస్యముగా విడనాడ నతడు నిశ్చయించుకొనెను. దూత కలలో కనబడినది ఆ తరువాతనే. నిశ్చయించుకొన్ననాడు అతనికి కృతజ్ఞుడగుటకు కారణమేదియు లేదు. తాను వంచితుడనైతినని తలంచుటకు కావలసినంత కారణమున్నది. అయినను సువార్త అతనిని నీతిమంతుడనినది. ఆ కనికరము సంపూర్ణము కాదనుట నిజమే, విడనాడవలెననియే గదా అతని తలంపు. కాని దూత పలుకు పట్టి నిలుచుటకు ఆ సగము కనికరమే చోటిచ్చెను. అప్పటికే ఆమెను వీధిలో నిలిపినవాడైనచో కల వచ్చి మాత్రమేమి చేయగలదు?

హెబ్రీభాషలో కనికరమును తెలుపు ఒక పదము గర్భకోశమును తెలుపు పదముతో ఏకధాతువు కలది. తల్లి తాను మోయు శిశువు ముఖమెరుగదు. ఎరిగిన తరువాత పోషింతునని యూరకుండదు. డిసెంబరు మాసపు దానధర్మములకు ఈ పోలిక కొంచెము ఇబ్బంది కలిగించును. దుప్పటి అందుకొనువాడు కృతజ్ఞతతో తల వంచవలెనని, ఛాయాచిత్రమునకు నిలువవలెనని దాత కోరునప్పుడు, నూరు దేనారముల దాసుని కథయే మరల నడచుచున్నది. గొంతు మీద చేయి మాత్రము మెత్తనిది.

అదే పంచాంగము జెకర్యాతో మొదలిడును. దేవాలయములో ధూపము వేయుచు శుభవార్త విన్న ఆ వృద్ధయాజకుడు నమ్మలేక ఆనవాలు అడిగెను, మాట పడిపోయెను. భార్య నెలలు నిండువరకు ఇంటనుండి ఆమె ఎదుగుదలను మౌనముగా చూచెను. తనకు కలిగిన మేలునకు ఒక్క మాటయైన బదులు చెప్పుటకు వీలులేకపోయెను. శిశువు పుట్టిన ఎనిమిదవ దినమున ఇరుగుపొరుగువారు, చుట్టములు తండ్రి పేరే పెట్టజూచిరి, తల్లి కాదనెను. వారు తండ్రికి సైగచేసిరి. ఆయన వ్రాతపలక తెప్పించుకొని యోహాను అని వ్రాసెను. హెబ్రీలో ఆ పేరునకు దేవుడు కరుణించెనని అర్థము. వ్రాసిన పిదప ఆయన నాలుక సడలెను.