తలుపు బయట అవ్వ

ఈ వారం వీడియోలో అజామిళుడి కథ విన్నారు కదా. యమదూతల్ని చూసి భయపడి, కాస్త దూరంలో ఆడుకుంటున్న చిన్నకొడుకుని "నారాయణా" అని పిలుస్తాడు. అందరం ఆ నామం గురించే మాట్లాడతాం. నా మనసు మాత్రం ఆ పిల్లవాడి దగ్గరే ఆగిపోయింది. కేకేస్తే వినపడే దూరంలో సొంతమనిషి ఒకడున్నాడు.

మా తాతకి అది దొరకలేదు. రెండేళ్ల కింద తిరుపతిలో ఒక ఆసుపత్రి. గుండె ఆగింది, సీపీఆర్ మొదలుపెట్టారు, మమ్మల్ని బయటికి పంపారు. నాన్న బిల్లు కౌంటర్ దగ్గర. అవ్వ చేతిలో తులసి తీర్థం సీసా. "లోపల మనోళ్ళు ఎవురన్నా ఉండారా నాయనా?" అని రెండుసార్లు అడిగింది. డాక్టర్లు ఉన్నారవ్వా అన్నాను. ఆమె అడిగింది అది కాదని నాకు తెలుసు.

అప్పుడే ఒక నర్సు తల బయటపెట్టి, "పెద్దావిడ ఒక్కరూ రావచ్చు, తట్టుకుంటారా?" అంది. "వద్దు మేడం, తట్టుకోలేదు" అని నేనే చెప్పేశాను. పక్కనే ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు. తలుపు మూసుకున్నాక ఊరటగా కూడా అనిపించింది.

తర్వాత వెతికి చదివాను, ఇంజినీర్ బుద్ధి. ఫ్రాన్స్‌లో 570 మంది బంధువులతో చేసిన అధ్యయనం 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఇంట్లో గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేస్తున్నప్పుడు, "దగ్గరుంటారా" అని పద్ధతిగా అడిగినవాళ్లకంటే, అలా అడగనివాళ్లకే మూడు నెలల తర్వాత ఆ ఘటన తాలూకు మానసిక బాధ ఎక్కువగా కనిపించింది. చికిత్సకి అడ్డమూ రాలేదు.

డాక్టర్ల భయం ఉత్తది కాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతుకి ఛాతీ నొక్కుతారు, పక్కటెముకలు విరగొచ్చు. మన దగ్గర ఒకరిని రమ్మంటే పదిమంది దూరతారు. డాక్టర్ల మీద దాడులకి 2008లో మన రాష్ట్రం చట్టమే తెచ్చింది. ఆ సమయంలో నోట్లో తీర్థం పొయ్యనూ కూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అయినా కాళ్ల దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవడానికి అడ్డేముంది?

అవ్వ ఒక బిడ్డని ఒళ్లోనే పోగొట్టుకున్న మనిషి. తట్టుకోలేనిది నేను. ఆమె పేరు వాడుకున్నాను.

అంతా అయ్యాక లోపలికి పంపారు. తాత పెదాల మీద రెండు తీర్థపు చుక్కలు వేసి, చెవిలో గోవింద నామం చెప్పి, "ఇనపడుంటుందా?" అంది. ఊఁ అన్నాను.

నర్సు ఏం అడిగిందో ఆమెకి ఇంకా చెప్పలేదు.