చుక్కి వంశం ఎవరికి కావాలి?

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న ధర్మసందేహం ఒక కుక్క గురించి. చుక్కి బోర్డర్ కోలీ. నల్లటి ఒళ్లు, తెల్లటి మెడ, ఒక చెవి నిలబడి ఇంకోటి వాలి ఉంటుంది. దానికి పిల్లలు పుట్టనివ్వాలా, పుట్టకుండా ఆపరేషన్ చేయించాలా? ఒక్క ఈతైనా కానిద్దామంటాడు మా అబ్బాయి. కాకినాడ నుంచి వచ్చిన మా అక్క ఇంకో మెట్టు పైకెక్కింది. "ఆడజన్మ ఎత్తిన దాని కడుపు కోయించడానికి నువ్వెవరివే?" అంది. ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని నేను. గురువారం గురువారం దత్తాత్రేయుడి పటానికి దీపం పెట్టేదాన్ని కూడా. ఆ పటంలో స్వామి పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి. కాబట్టి అక్క మాటను చాదస్తమని కొట్టిపారెయ్యడం నా చదువుకూ కుదరదు, నా పూజకూ కుదరదు.

అక్క వాదనకు బలం చుక్కే ఇచ్చింది. ఎద ముగిసిన కొన్ని వారాలకు, ఏ మగకుక్కా దగ్గరికి రాకుండానే, దాని చన్నులు ఉబ్బి పాలు దిగాయి. నా పాత చెప్పు ఒకటి, టెన్నిస్ బంతి, మనవరాలి గుడ్డబొమ్మ మంచం కిందికి చేరవేసి, వాటి చుట్టూ ముడుచుకు పడుకుంది. బొమ్మ తీయబోతే నామీద కూడా గుర్రుమంది. "చూశావా" అంది అక్క. ఇది ఉత్తుత్తి చూలు, ప్రొజెస్టిరాన్ తగ్గి ప్రొలాక్టిన్ పెరిగితే ఆడకుక్కల్లో మామూలే, దానంతటదే సర్దుకుంటుంది అని క్లాసులో చెప్పినట్టే చెప్పాను. చెప్పాక నా జవాబు నాకే చాలలేదు. మా అబ్బాయి పుట్టినప్పుడు నాకు పాలు దిగిందీ ఆ ప్రొలాక్టిన్ వల్లే. హార్మోను పేరు తెలిసినంత మాత్రాన నాది తల్లితనం, దానిది రసాయనం అనడానికి వీల్లేదు. పిల్లల్ని సాకాలన్న తహతహ దానిలో నిజంగా ఉంది. ఇది ఒప్పుకోకుండా ముందుకు వెళ్తే మిగతా ఆలోచనంతా మోసమే.

అయితే అక్క ఇంకో మాట కూడా అంది: "ప్రకృతికి అడ్డుపడకు." ఇక్కడ మాత్రం నేను ఆగాను. మా గేటుకు గొళ్లెం వేసిన రోజే ప్రకృతి బయట ఉండిపోయింది. చుక్కికి పిల్లలు కావాలంటే జరిగేదేమిటి? ఊళ్లో ఇంకో బోర్డర్ కోలీ ఎక్కడుందో మా అబ్బాయి ఫోనులో వెతకాలి. ఆ ఇంటివాళ్లతో మాట్లాడుకోవాలి. తుంటి ఎముకలకు ఎక్స్‌రే తీయించాలి. ప్రొజెస్టిరాన్ పరీక్ష చేయించి రోజు ఖాయం చేసుకోవాలి. ఇదంతా పెళ్లిచూపుల కంటే గట్టి ఏర్పాటు, పైగా ఇందులో పెళ్లికూతురి ఇష్టాన్ని ఎవరూ అడగరు. కడుపు కోయించడానికి నేనెవరిని అన్న ప్రశ్న న్యాయమైనదే. కడుపు చేయించడానికి నేనెవరిని అన్నదీ అంతే న్యాయమైన ప్రశ్న. రెండిట్లోనూ కర్తను నేను, అనుభవించేది అది.

అసలు బోర్డర్ కోలీ జాతే మనుషుల నిర్ణయాల మీద నిలబడింది. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో గొర్రెల కాపరులు పనికొచ్చే కుక్కను పనికొచ్చే కుక్కతో కలుపుతూ వచ్చారు. 1893లో నార్తంబర్లండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే కాపరి దగ్గర ఓల్డ్ హెంప్ అనే మగకుక్క పుట్టింది. అరవకుండా, కరవకుండా, వంగి నడుస్తూ చూపుతోనే మందను కదిలించే పద్ధతి దానిది. అది అందరికీ నచ్చింది. ఇవాళ్టి బోర్డర్ కోలీలు దాదాపు అన్నిటికీ అదే మూలపురుషుడు. 1906లో కాపరులు అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ పెట్టుకున్నారు. ఆ సంఘం చాలాకాలం చూసింది అందాన్ని కాదు, పనిని. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది 1976లోనే. ఏ కుక్క సంతానం మిగలాలో తేల్చింది కొండ మీద గొర్రెలతో అది పడ్డ పాట్లు. యజమాని ముద్దుకు అక్కడ ఓటు లేదు.

నాకున్న కారణం ముద్దొక్కటే. చుక్కి తెలివైంది. గ్యాస్ బండ వాడి హారన్‌కూ, పాలవాడి హారన్‌కూ తేడా తెలుసు. నేను కళ్లజోడు వెతుక్కుంటుంటే నాకంటే ముందు దాని దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. ఇలాంటి కుక్క ఇంకోటి ఉండాలి కదా అనిపిస్తుంది. కానీ మెండెల్ బఠానీలు చెప్పి జీతం తీసుకున్నదాన్ని, ఇలా అనిపించడం చాలదని నాకు తెలుసు. ఒకే మూలం నుంచి దిగిన జాతి కనక దాగి ఉండే జబ్బులు దీనికి ఎక్కువ. కంటి వెనక పొర సరిగా ఏర్పడని కోలీ ఐ ఎనామలీ ఉంది. తెల్ల రక్తకణాలు మూలుగలోనే చిక్కుపడి పసికూనల్ని చంపే జబ్బు ఉంది. నరాల కణాల్లో వ్యర్థాలు పేరుకుని పడుచు వయసులోనే కుక్కను తీసుకుపోయేది ఇంకోటి ఉంది. ఈ మూడూ అంతర్గత లక్షణాలు. తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి నిక్షేపంలా ఉండి, లోపల చెరొక పాడు జన్యువు మోస్తుంటే, పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒకవంతు ప్రమాదం. డీఎన్ఏ పరీక్షలతో ఇది ముందే తెలుసుకోవచ్చు. తెలుసుకోకుండా ఈనిస్తే ఆ నాలుగో పిల్ల బాధ విధిరాత అవదు, నా నిర్లక్ష్యం అవుతుంది.

పోనీ పరీక్షలన్నీ బాగానే వచ్చాయనుకుందాం. పుట్టేవి ఆరనుకుందాం. వాటికి పనేది? 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువున్నది తెలంగాణలోనే, 1.91 కోట్లు. అయినా చుక్కికి ఇక్కడ ఉద్యోగం లేదు. కీసర దారిలో ఒకసారి మంద ఎదురైతే నేల మీదికి వంగిపోయి, తోక దించి, కళ్లార్పకుండా బిగుసుకుపోయింది. అంతకుముందెన్నడూ గొర్రె మొహం చూడని కుక్క! గొంగడి భుజాన వేసుకున్న కాపరికి ముచ్చటేసింది. "రాత్రి ఊరకుక్కలొస్తే అడ్డం పోతదా అమ్మా?" అని అడిగాడు. పోదు, ఇది గొర్రెల్ని మళ్లించే రకం అన్నాను. "మళ్లిచ్చెటందుకు నేనున్న గద!" అని నవ్వి వెళ్లిపోయాడు. మన కాపరికి కావాల్సింది కాపలా కుక్క. చుక్కి పిల్లలు వెళ్లేది అపార్ట్‌మెంట్లకే. మే నెల ఎండలో, పగలంతా తాళం వేసిన ఇంట్లో, పనిలేని బుర్రతో సోఫాలు కొరికి, తిట్లు తిని, ఏడాది తిరిగేలోపు "మంచి ఇల్లు కావలెను" అని వాట్సాప్‌లో ఫొటో అయ్యే పిల్లలెన్నో చూస్తూనే ఉన్నాను.

మా అబ్బాయి కోరిక వేరు. "అన్నీ ఇచ్చేద్దామమ్మా, ఒక్కదాన్ని ఉంచుకుందాం. రేపు చుక్కి పోయినా చుక్కి ఉన్నట్టే ఉంటుంది" అన్నాడు. వాడి గొంతులో బెంగ ఉంది. ఆ బెంగ నాకూ ఉంది. కుక్క ఆయుష్షు మన ఆయుష్షులో ఒక మూలకు సరిపోతుంది. కానీ బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పినదాని సారం ఏమిటి? భర్తయినా బిడ్డలైనా మనకు ప్రియమయ్యేది మన ఆత్మ కోసమేనని. ఆ వాక్యానికి పెద్దలు చెప్పే లోతైన అర్థం అలా ఉంచి, పైపై అర్థం తీసుకున్నా నాకు చాలు. వంశం కొనసాగాలన్న కోరిక చుక్కిది కాదు. దాని ఊహలో ముత్తాతలూ మునిమనవలూ లేరు. దానికున్నది మంచం కింద బొమ్మను నాకాలన్న తహతహ మాత్రమే. వంశమూ, జ్ఞాపకమూ, పోయాక మిగలడమూ మా బాధలు. మా మరణభయానికి దాని గర్భసంచిని పూచీ పెట్టడం ఏం న్యాయం?

ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు మనవాళ్లు భారతం తీస్తారు, నేనూ తీశాను. కుక్క అనగానే అందరికీ ధర్మరాజు గుర్తొస్తాడు. వెంట నడిచి వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. నాకు మాత్రం ఆదిపర్వం మొదట్లో వచ్చే సరమ కథ ఎక్కువ పనికొచ్చింది. జనమేజయుడి యాగశాల దగ్గరికి వెళ్లిన సరమ కొడుకును రాజు తమ్ముళ్లు అకారణంగా కొట్టారు. ఆ తల్లికుక్క నేరుగా యాగశాలకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీసింది. అంత పెద్ద సభలో ఒక్కరి దగ్గరా జవాబు లేకపోయింది. అనుకోని ఆపద వచ్చిపడుతుందని శపించి వెళ్లింది. రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుంటే నా లెక్క తేలింది. నా నిర్ణయంతో పుట్టే ప్రతి పిల్లా నా వెంట నడిచే కుక్కే. ఆరింటితో చివరిదాకా నడవగలనా? ఎనిమిది వారాలు నిండకుండా పిల్లల్ని అమ్మకూడదని 2017 కుక్కల పెంపకం నిబంధనలు చెప్తున్నాయి. ఆ తర్వాత వాటి సంగతి చట్టం నన్ను అడగకపోవచ్చు. సరమ అడుగుతుంది. నా మూడో పిల్ల ఏ బాల్కనీలో కట్టేసి ఉంది అని చుక్కి వచ్చి నిలబడితే, జనమేజయుడి తమ్ముళ్లలాగే నేనూ నోరు మెదపలేను.

ఇంకో విషయం కూడా అక్కతో మాట్లాడక తప్పలేదు. మా సందులో చెవి కొస కత్తిరించిన ఎర్రకుక్క ఒకటుంది. మున్సిపాలిటీ వాళ్లు పట్టుకెళ్లి కు.ని. ఆపరేషన్ చేసి వదిలేశారనడానికి అది గుర్తు. వీధి కుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని, పిచ్చివాటినీ మీదపడి కరిచేవాటినీ మినహాయించి, 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఎర్రదానికి రోజూ పెరుగన్నం పెట్టే అక్క, దాని మాతృత్వం గురించి ఒక్కనాడూ అడగలేదు. నేనూ అడగలేదు. మనుషుల్లో మాత్రం? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. నేనూ, అక్కా ఆ బాటలో నడిచినవాళ్లమే. అక్క కాసేపు ఊరుకుని, "మనల్ని అడిగారు కదే, పేరుకైనా" అంది. నిజం. కాగితం మీద సంతకం పెట్టాను, ఇద్దరు పిల్లలు చాలనుకున్నాను. చుక్కి చేత ఎవరూ సంతకం పెట్టించలేరు. ఈ ఒక్క తేడాకు నా దగ్గర సమాధానం లేదు.

అందుకే ఆపరేషన్‌ను పుణ్యకార్యంగా చెప్పుకోను. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని తీసేయడం హింసే. జైనులు హింసలో రకాలు విడదీశారు. వంటింట్లో తెలియక జరిగేది వేరు, పూనుకుని చేసేది వేరు. ఇది రెండో రకంలోకే వస్తుంది. నార్వేలో 2010 నుంచి అమల్లో ఉన్న జంతు సంక్షేమ చట్టం సరైన కారణం లేనిదే పెంపుడు కుక్కకు ఈ ఆపరేషన్ చేయనివ్వదు. ఈనించకుండా, కోయించకుండా కాపలా కాయడమనే మూడో దారి అక్కడ సర్వసాధారణం. నేనూ దాన్ని ఆలోచించాను. కానీ ఈనని ఆడకుక్కకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. స్వీడన్ బీమా లెక్కల్లో, ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో పదేళ్ల లోపు దాదాపు నాలుగింట ఒకదానికి ఆ జబ్బు వచ్చింది. వస్తే అర్ధరాత్రి ఆపరేషనే గతి, అదీ ముసలి ఒంటికి. రెండో వైపూ ఉంది. ఆపరేషన్ అయ్యాక ఒళ్లు పెరగొచ్చు, కొన్నిటికి మూత్రం ఆగదు. డాక్టరు గారు ఇవన్నీ దాచకుండా చెప్పారు. ఉత్తుత్తి చూలు పూర్తిగా తగ్గి, పాలు ఇంకిపోయాకే చేయాలనీ, రెండు ఎదల నడుమ సమయం మంచిదనీ అన్నారు.

హింస లేని దారి కోసం వెతికాను, నాకు దొరకలేదు. మిగిలినవి రెండు రకాలు. ఒకటి నా కళ్లముందు జరిగేది. చుక్కి కుట్లు, మెడకు పట్టీ, దానికిక దక్కని బిడ్డలు, దాని తర్వాతి జీవితం, అన్నీ నా ఇంట్లోనే ఉంటాయి. మందు వేయగలను, పక్కన కూర్చోగలను, బరువు పెరిగితే నడిపించగలను. రెండోది ఆరు చిరునామాలకు చెదిరిపోయి నా చెవిన పడకుండా జరిగేది. కనబడని బాధ తక్కువ బాధలా తోస్తుంది, అక్కడే మనసు మనల్ని ఏమారుస్తుంది. నా చేతికి అందే దుఃఖాన్నే ఎంచుకున్నాను. మా అబ్బాయికి ఇంకో కుక్క కావాలంటే ఇప్పటికే పుట్టి దిక్కులేకుండా ఉన్నవాటిలోంచి తెచ్చుకుందామన్నాను. వాడు సరేననలేదు, కాదనీ అనలేదు. అక్క ఒప్పుకోలేదు. ఆపరేషన్ నాడు ఉపవాసం ఉంటానంది. ఉండనివ్వండి, ఎవరో ఒకరు బాధపడటం న్యాయమే.

నేను మాత్రం ఆ రోజు దత్తస్వామిని క్షమించమని అడగదల్చుకోలేదు. అడిగితే బాకీ కొట్టేసినట్టు అయిపోతుంది. చుక్కి దగ్గర్నుంచి తీసుకున్నదానికి బదులు నేను దానికి పని బాకీ. రోజూ సాయంత్రం మైదానంలో బంతులు విసిరి, ఈల వేసి, కుడికీ ఎడమకీ తిప్పి, ఆ బుర్రకు అలుపొచ్చేదాకా పని చెప్పడం ఆ బాకీకి వాయిదాలు. మోకాళ్లు నొప్పి పుట్టిన రోజు కూడా కట్టాల్సిందే.