దారి చూపుట ధర్మమా?

అడిగినవానికి దారి చూపుట పుణ్యమని మన పెద్దలు చెప్పుదురు. బాటసారికి నీరు పోయుటయు, బాట చెప్పుటయు ఒక్క ధర్మమే యని మేము చిన్ననాటినుండి వినుచుంటిమి. పైగా మాది బడిపంతులు వృత్తి. తెలిసినదానిని దాచుట మా వృత్తికే ద్రోహము. అట్టి మేము ఒక దారిని ఎఱిగియుండి, అడిగిన విద్యార్థికి చెప్పక, పెక్కు దినములు మనస్సమాధానము లేక తిరిగితిమి. ఆ సంగతిని చదువరుల యెదుట నుంచి, మేము చేసినది ధర్మమో, ధర్మము పేర స్వార్థమో విచారింపగోరెదము.

నాగర్‌కర్నూలు జిల్లాలో, నల్లమల నడుమ, సలేశ్వరమను లోయ గలదు. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు రహదారిని ఫరహాబాదు కడ విడిచి, అడవిబాటను రాంపూరు పెంట దాక పోయి, అచ్చటినుండి కాలినడక సాగింపవలయును. చెంచుల పల్లెను పెంట యందురు. తక్కిన కొండతీర్థములకు ఎక్కి పోవుదుము. దీనికి దిగి పోవలయును. మొదట బండలనడుమ ఆకు రాల్చిన అడవి. నల్లమద్ది, ఏపి, తునికి చెట్లు. పిమ్మట కాలు నిలుపుట కష్టమైన యేటవాలు. ఇరుప్రక్కల గోడలవలె లేచిన శిలలమధ్య దారి సన్నమగుకొలది గాలి చల్లబడును. తుదకు ఎత్తైన శిలాముఖమునుండి నీరు పడు గుండము కనబడును. దాని చెంత గుహలో లింగమూర్తి. అర్చకులు చెంచులే. వారికి ఆయన లింగమయ్య. దేవుడనుటకంటె ఇంటి పెద్ద యనుట తగును.

చైత్రమాసపు టెండలో పైన గడ్డి యెండి గలగలలాడుచుండగా, క్రింద ఈ ధార యెట్లు తెగక పడుచున్నదని మాతో వచ్చిన మిత్రుడొకడు అడిగెను. ఇందు మాయ లేదు. వానకాలమున పీఠభూమిపై కురిసిన నీరు గట్టిరాతి నెఱ్ఱెలలో నింకి, నెలలకొలది చీకటిలో మెల్లగా జాఱి, లోయ గోడను చేరినచోట బయటపడుచున్నది. పైనున్న చెట్లును గడ్డియు వానను పరుగెత్తనీయక నిలిపి భూమిచే త్రాగించుటవలన ఆ ధారకు బలము. మనము చైత్రమున శిరస్సుపై చల్లుకొను నీరు శ్రావణ భాద్రపదములలో అడవి దాచుకొన్న నీరు. అది మన కొఱకు దాచలేదు. మనమే యెండకాలమున వచ్చి అందులో పాలు పుచ్చుకొనుచున్నాము.

ఈ గుండమునకు జనులు పోగలుగునది ఏటికి కొద్ది దినములే. చైత్రపూర్ణిమకు జరుగు జాతరకు అటవీశాఖవారు దారి తెఱతురు, పిదప మూయుదురు. ఈ యడవి 1983వ సంవత్సరమున పులుల రక్షణ ప్రణాళికలో చేరెను. 2014లో రాష్ట్రము రెండైనపిదప తెలంగాణ భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యముగా నేర్పడెను. దాని వైశాల్యము రమారమి 2,611 చదరపు కిలోమీటర్లు. అంత విశాలమైన అడవిలో వేసవినాడు నీరు నిలుచు తావులు మాత్రము వేళ్లపై లెక్కింపదగినవి.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమును, మా పాఠశాలలోని ఇద్దఱు ఉపాధ్యాయులును జాతరకు పోయితిమి. గుండమున స్నానము చేసి తిరుగునప్పుడు జనసమ్మర్దము మాకు విసుగు కలిగించెను. కేకలు, త్రోపులాట, త్రాగి పాఱవైచిన ప్లాస్టిక్ సీసాలు. అప్పుడు కొండవాలున ప్రక్కకు చీలిన సన్నని జాడ యొకటి కంటబడెను. మేము ముగ్గురమును ఎవరికిని చెప్పక ఆ జాడ పట్టితిమి. అరగంట నడచునప్పటికి వెనుకటి సందడి పూర్తిగా అణగెను. ఒక చఱియ క్రింద చిన్న నీటిమడుగు. నీరు నల్లగా, కదలక, పైనున్న ఆకాశమును చూపుచుండెను. ఒడ్డున బురదలో దుప్పుల గిట్టల గుఱుతులు. మేము చెప్పులు విడిచి పాదములు నీట నుంచి కూర్చుంటిమి. జాతర అజ్ఞానుల కనియు, ఏకాంతము విజ్ఞుల కనియు ఆ క్షణమున మా మనస్సున మెదలిన మాట నిజము. దానిని దాచము.

ఇంతలో మా వెనుకనే ఒక చెంచు వృద్ధుడు వచ్చి నిలిచెను.

“సారూ, ఈడికెందుకు వచ్చిన్రు? జాతర గుండంకాడ గదా.”

“ఊరికే కూర్చున్నాము తాతా. ఏమియు పాడుచేయలేదు,” అంటిమి.

“మీరు పాడుచేయలే, నిజమే. మీరు పోతరు, దారి ఈడనే ఉంటది. రేపు పదిమంది దిగుతరు, ఎల్లుండి నూరుమంది. ఈ నాలుగొద్దులు గుండం మనం పట్టుకున్నం. మెకాలు ఈ నీళ్లకు వస్తయి. ఇది గూడ మనమే పట్టుకుంటే అవి యాడికి పోవాలె?”

ఆయన కంఠమున కోపము లేదు. మాకు మాత్రము వచ్చినది. చదువుకొన్నవారము, ఆకు త్రుంపలేదు, కాగితము పాఱవేయలేదు, మమ్ము ఇతడు నిలదీయుటయా యని తోచెను. మఱుక్షణమున శాకుంతలమున మొదటి యంకము జ్ఞప్తికి వచ్చెను. విల్లెక్కుపెట్టి లేడిని తఱుముకొనివచ్చిన దుష్యంతుని మునులు అడ్డగించి, ఇది ఆశ్రమమృగము, చంపరాదని చెప్పుదురు. చక్రవర్తి తర్కింపక బాణమును వెనుకకు తీసికొనును. ఆ ఘట్టమును ఇరువది యేండ్లుగా బాలురకు బోధించుచున్న మేము, అదే మాట మాకు చెప్పబడినప్పుడు గుఱుతింపలేకపోతిమి. చెప్పులు చేతబట్టుకొని లేచి వచ్చితిమి.

అంతటితో కథ ముగిసిన ఈ వ్యాసము వ్రాయుదుముగాము. బడికి వచ్చినపిదప ఒకనాడు పాఠమునడుమ ఆ మడుగును వర్ణించి గొప్పగా చెప్పుకొంటిమి. వృద్ధుని మాటను మాత్రము చెప్పలేదు. మరునాడు పదవ తరగతి బాలుడొకడు వచ్చి, వచ్చు జాతరకు మిత్రులతో పోయెదను, దారి యెటు చీలునో చెప్పుడని అడిగెను. చెప్పమంటిమి. అతడు కొంతసేపు నిలిచి, “మీరు చూసి వచ్చి, మమ్మల్ని వద్దంటరా సారూ?” అనెను.

ఈ ప్రశ్నకు మాకడ ఉత్తరము లేకపోయెను. మూయబడిన నీటి చరిత్ర మన దేశమున అవమానముల చరిత్ర. మహాడ్ పట్టణమున చవదార్ చెఱువునీటిని పశువులు త్రాగవచ్చును గాని అస్పృశ్యులనబడు మనుష్యులు త్రాగరాదు. పురపాలకసంఘము దానిని అందఱికిని తెఱచినట్లు తీర్మానించినను ఆచరణ శూన్యము. 1927వ సంవత్సరము మార్చి 20వ తేదీన అంబేద్కరు వేలమందితో నడచిపోయి ఆ నీరు త్రాగెను. పిమ్మట అగ్రవర్ణులు చెఱువునకు శుద్ధి చేసిరి, వ్యాజ్యము పెట్టిరి, 1937లో బొంబాయి హైకోర్టు వారికి ప్రతికూలముగా తీర్పు చెప్పెను. ఇట్టి చరిత్ర గల దేశమున ఒకడు, నేను చూచితిని, నీవు చూడవలదు అనినచో, వాని నోటినుండి వచ్చునది పాతమాటయే కాదా? జంతువుల పేరు చెప్పి మనుష్యుని నీటికి దూరముచేయుట సంస్కారమా, సంస్కారము ముసుగులో పూర్వపు అహంకారమా?

పలుమాఱు ఆలోచింపగా, రెండు నిషేధములకును భేదము తెలిసికొనుటకు ఒక గుఱుతు దొరకెను. మహాడ్‌లో నిషేధము పెట్టినవాడు తాను త్రాగుచునే యుండెను. అతని నిషేధము ఇతరులకు మాత్రమే. అది కంచె గాదు, పీఠము. నిషేధించువాడు తానే మొదట దానికి లోబడినచో అది వ్రతమగును. ఈ గుఱుతుతో మమ్ము మేము కొలిచికొన్నప్పుడు, బాలుని ప్రశ్న న్యాయమని తేలెను. మేము పీఠముమీదనే యుంటిమి.

దీనికి నిదర్శనము వెంటనే లభించెను. ఆ యేడు మార్గశీర్షమున మాకు తెలిసిన పెద్దమనిషియొకడు, తనకు పలుకుబడి కలదనియు, జాతర లేని దినములలో సలేశ్వరమునకు పోవు ఏర్పాటు చేసెదననియు చెప్పెను. మేము సరే యంటిమి, సంచియు సర్దుకొంటిమి. ప్రయాణమునకు ముందునాటి రాత్రి ఆ బాలుని ముఖము కంటికి కట్టినట్లయ్యెను. వానికి మూసిన తలుపును మేము పెరటిదారిని తెఱచుకొనుచుంటిమి. ఉదయమున పెద్దమనిషికి రాజాలమని చెప్పితిమి. ఆయనకు కోపము వచ్చెను. సంచిలోని బట్టలు తీసి పెట్టెలో పెట్టుచుండగా, కోల్పోయితిమను చింతయు మాకు కలుగకపోలేదు.

రెండవ గుఱుతు ఇంకొకటి కలదు. అడవిని కాపాడుటయను పేరుతో అందులోనే పుట్టి పెరిగినవారిని వెడలగొట్టినచో, అదియు పీఠమే. ఆ వృద్ధునివంటివారికి తేనె, దుంపలు, తునికిపండ్లు వినోదములు కావు, జీవనము. పెంటలను అడవి వెలుపలికి మార్పవలెనను ప్రయత్నములు జరిగినవి. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము వారి హక్కులను అంగీకరించి, గ్రామసభ సమ్మతి లేక అట్లు మార్పరాదనుచున్నది. మడుగు మెకములదని మాకు నేర్పినది ఏ గ్రంథమును గాదు. ఆ మడుగు ప్రక్కన జీవించువాడు. కాపలాదారును తఱిమి కావలి కాయుట యెట్లు?

మఱి జాతరను కూడ ఆపవలెనా యని కొందఱు అడుగవచ్చును. మా యభిప్రాయము అది కాదు. ఏటికి కొన్నినాళ్లు, ఒక్క దారి, ఒక్క గుండము అనుటలో పూర్వుల మితము కలదు. ఆ మితమును పాటించుచు పోయివచ్చుట అతిథిధర్మము. సీసాలను సంచిలో తిరిగి తెచ్చుకొనుట, ఎండుగడ్డిలో చుట్ట కాల్చకుండుట, కొత్త జాడ త్రొక్కకుండుట. ఇవి అతిథిధర్మమునకు అంగములు. ఏకాంతము కోరు విద్యావంతుడు పుణ్యము కోరు పామరునికంటె మేలని గర్వింప బనిలేదు. ఆనాడు పామరులు వేలమంది దారిమీదనే నడచిరి. దారి తప్పినవారము మేము ముగ్గురము.

వేసవి సెలవులకు ముందు ఆ బాలుని పిలిచి, మేము దాచినదంతయు చెప్పితిమి. వృద్ధుని మాట చెప్పితిమి. మా కోపమును చెప్పితిమి. సర్దిన సంచిని గుఱించియు చెప్పితిమి. “ఆ మడుగునకు నీవు పోవలదని చెప్పుటకు మేము చాలము. మేము మఱల పోమని మాత్రము చెప్పగలము,” అంటిమి. చీలిన చోటు మాత్రము చెప్పలేదు. అతడు తల యూపి వెడలెను. తృప్తిపడెనో లేదో యెఱుగము.

జాతరకు పోయి వచ్చి అతడు మాకు తునికిపండ్లు తెచ్చి యిచ్చెను. చెంచు స్త్రీయొకతె దారిలో అమ్ముచుండగా కొంటిననెను. మడుగు మాట అతడు ఎత్తలేదు, మేమును అడుగలేదు. దారి చూపుట ధర్మమే. కాని దారి యెచ్చటికి పోవుచున్నదో, ఆ చివర ఎవరు దాహముతో నిలిచియున్నారో తెలిసికొనకమునుపు చూపినది సగము దారియే యని మాకు ఇప్పుడు తోచుచున్నది.