టెక్కలి పిల్లలకు సైబీరియా చిరునామా

మేనల్లుడికి,

సంక్రాంతి సెలవుల్లో కెమెరా పట్టుకుని శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్తున్నావట, సంతోషం. పక్షుల ఫొటోల కింద మాత్రం ‘సైబీరియా నుంచి వచ్చిన అతిథులు’ అని రాయకు. పేపర్లు ఏళ్ల తరబడి రాస్తున్నాయి కదా అంటావు. రాసినంత మాత్రాన నిజమైపోదు. ఆ ఊళ్లో గూళ్లు కట్టేవి ముఖ్యంగా గూడబాతులు, అంటే మీరనే పెలికాన్లు, వాటితోపాటు ఎర్రకాళ్ల కొంగలు. రెండూ మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ పుట్టి పెరిగేవే. దీనికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు, గూడే సాక్ష్యం. నిజంగా ఉత్తరాది నుంచి దిగే సూదితోక బాతుల్లాంటివి మన దగ్గర చలికాలం గడిపి, వెనక్కి వెళ్లాకే గుడ్లు పెడతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, చింతచెట్టు మీద నెల్లాళ్లు పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చేదాకా కదలని పక్షి పరాయిదెలా అవుతుంది? టెక్కలి మండలంలో గుడ్డు పగిలి బయటపడ్డ పిల్లకు అదే సొంతూరు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానలతోపాటు వచ్చే నత్తగుల్ల కొంగల సంగతీ అంతే.

ఎక్కడివైతేనేం, అతిథి అనుకోబట్టే కదా జనం కాపాడారు అని నువ్వు అడగొచ్చు. ఊరివాళ్ల మాట వేరు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులంటారు వాళ్లు. పేపర్ల కంటే అదే నిజానికి దగ్గర. అతిథి ఒక ఏడు రాకపోతే దారిలో ఏమైందో పాపం అనుకుని ఊరుకుంటాం. ఆడపడుచు రాకపోతే తప్పు మన ఇంట్లోనే వెతుక్కోవాలి. వెతకాల్సిన చోటు చెట్టొక్కటే కాదు. గూడబాతు పిల్లకు కావాల్సిన చేప నౌపడ బీల అనే చిత్తడి నేలలోనూ, ఉప్పుమడుల చుట్టూ ఉన్న నీళ్లలోనూ దొరకాలి. ఆ బీలనే పనికిరాని భూమిగా లెక్కగట్టి కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టారు. దాన్ని వ్యతిరేకించినవాళ్ల మీద 2011 ఫిబ్రవరిలో జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. బీల మీద బతికే జాలర్లూ రైతులూ అప్పుడు అడిగింది తమ తిండి గురించే. పక్షి తిండీ అందులోనే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాలో ఎన్నో చెట్లను కూల్చింది. చెట్టు మళ్లీ మొలుస్తుంది, పూడ్చేసిన బీల మొలవదు.

ఇళ్ల మీది కొమ్మల్లోనే గూళ్లున్నాయి, మనుషులకు అలవాటు పడ్డవే కదా, దగ్గరికెళ్తే ఏం అనీ అనిపిస్తుంది. వాటికి అలవాటైంది కింద తమ పని తాము చేసుకునే ఊరివాళ్లు. ఎగిరే భంగిమ కోసం చప్పట్లు కొట్టేవాడూ, డ్రోను లేపేవాడూ కాదు. గూడబాతు పిల్ల ఒంటి మీద ఈకైనా లేకుండా పుడుతుంది. తల్లి బెదిరి లేచిన ఆ కాసేపూ దాన్ని ఎండ మాడుస్తుంది, కాకి కనిపెట్టుకుని ఉంటుంది. మంచి బొమ్మ కోసం ఆ మాత్రం తప్పదు అనేవాళ్లున్నారు; వాళ్ల పనితనం మీద నాకు పెద్ద గౌరవం లేదు.

కాబట్టి గూళ్లను దూరం నుంచే తీయి. మిగిలిన పూట నౌపడ వైపు వెళ్లు. బురద, వలలు, చేపకోసం ముక్కు ముంచిన పక్షి, ఇవన్నీ ఒకే ఫ్రేములో పడేలా చూడు. అలాంటి ఫొటోకి లైకులు రావు. రేపు ఎవరైనా ఆ నేలను బీడంటే చూపించడానికి మాత్రం పనికొస్తుంది. చోటు, తేదీ, కనిపించిన పక్షుల లెక్క తప్పకుండా రాసి నాకూ ఒక కాపీ పంపు.

ఇట్లు,
మావయ్య