కనబడని బాధ

కీళ్లవాతము వృద్ధుల సొత్తని మనవారి నమ్మకము. పసిబిడ్డకు కీళ్లు పట్టినవనిన వినువారు నవ్వుదురు. లేదా ఎదిగెడు పిల్లలకు నొప్పులు సహజమని త్రోసివేయుదురు. కాని పదునాఱేండ్లు నిండకమునుపే కీళ్లు వాచి, ఆ వాపు ఆఱు వారములకు తగ్గక నిలిచి, వేఱు కారణము కానరానిచో వైద్యులు దానిని బాలకీళ్లవాతమందురు. 1897లో జార్జి ఫ్రెడరికు స్టిల్లు అను ఆంగ్లవైద్యుడు ఇట్టి పిల్లలను 22 మందినిగూర్చి వ్రాయుచు, వారిలో పెక్కుమంది వ్యాధి పెద్దల వ్యాధికంటె భిన్నమని చూపెను.

ఈ వ్యాధికొక గుణము కలదు. తెల్లవాఱునప్పటికి కీళ్లు బిగిసి బిడ్డ కుంటును. ప్రొద్దెక్కినకొలది అవి సడలును. మధ్యాహ్నమునకు ఆ బిడ్డయే ఆటస్థలమున పరుగిడవచ్చును. చూచినవారు "బడికి రానొల్లక నటించుచున్నాడు" అందురు. ఉపాధ్యాయవృత్తిలోనున్న మావంటివారికి ఈ తీర్పు మిక్కిలి సులభము. కావున ఇది వైద్యశాస్త్రమునకు మాత్రమే చెందిన విషయము కాదు. కంటికి సాక్ష్యము చూపని బాధను నమ్ముట మనకు విధియా, కాదా?

అందఱి మాటయు నమ్మినచో సోమరులు పెరుగుదురని కొందఱాక్షేపింతురు. ఆక్షేపణము త్రోసివేయదగినది కాదు, తూచి చూడదగినది. నటించువానిని నమ్మినచో ఒకపూట పాఠము పోవును. నిజముగా బాధపడువానిని నమ్మకున్నచో కీలు వంకరపోవును. పెద్దలతో చెప్పుకొన్న ఫలము లేదని కూడ బిడ్డ నేర్చుకొనును. ఈ రెండు నష్టములును సమానములని మేమనజాలము.

అయినను నమ్ముట మాత్రము చాలదు. ఈ వ్యాధిగల పిల్లలలో కొందఱకు, ముఖ్యముగా మిక్కిలి చిన్నవయసున నాలుగింటికి మించక కీళ్లు వాచిన బాలికలకు, కంటిలోపల వాపు పుట్టును. కన్ను ఎఱ్ఱబడదు, నొప్పియు తోచదు, బిడ్డ ఏమియు చెప్పదు, చూపు మాత్రము క్రమముగా హరించిపోవచ్చును. అందుచేత అపాయమధికముగనున్నవారిని మూడు నాలుగు నెలలకొకమాఱు కంటివైద్యుడు స్లిట్ ల్యాంపు అను యంత్రముతో పరీక్షింపవలెను. ఇచట బిడ్డ చెప్పినది వినుటతో మన విధి తీరదు. చెప్పనిదానిని గూడ వెదకవలెను.

ప్రత్యేక చికిత్సాలయముల ప్రయోజనమిదియే. ఇంగ్లాండులో లండనునకు పడమటనున్న టాప్లో గ్రామపు వైద్యశాలలో 1947లో పిల్లల కీళ్లవ్యాధులకై ప్రత్యేకశాఖ నెలకొన్నది. నేడు ఇట్టిచోట్ల కీళ్లవైద్యుడు, కంటివైద్యుడు, వ్యాయామచికిత్స నేర్చినవారు, నర్సులు ఒక్క బిడ్డనుగూర్చి కలిసి యోచింతురు. మెథోట్రెక్సేటను మందు ఈ వ్యాధికి వారమునకొక్కమాఱే ఈయదగినది. పొరబాటున దినదినమును ఇచ్చినచో ప్రాణమునకే ముప్పు. ఆ సంగతిని తల్లికి బోధపడువఱకు ఓపికతో చెప్పుటయు చికిత్సలోని భాగమే. సకాలమున చికిత్స దొరకినచో పెక్కుమంది బిడ్డలు తోడివారివలె ఆడి చదువుకొనగలరు.

కుంటెడు బిడ్డను చూచి "పాపము, వాని కర్మము" అని నిట్టూర్చువారు తాము దయ చూపితిమని తలంతురు. ఆ నిట్టూర్పు బిడ్డచేత ఒక్క మెట్టైనను ఎక్కింపదు. దయ మన ఇష్టమునుబట్టి కలుగును, పోవును. ధర్మము తీర్పవలసిన ఋణము. దూరనగరమందలి వైద్యునికడకు పల్లెలోని బిడ్డ చేరు మార్గమేర్పఱచుట ప్రభుత్వము ఋణము. వాచిన కీలును, ప్రొద్దుటి కుంటును గుర్తించి ఆలసింపక పంపుట ఊరివైద్యుని ఋణము. ఉదయము ఆలస్యముగా వచ్చినవానిని దండింపకుండుట, వాని తరగతిని మేడమీద పెట్టకుండుట, వ్రేళ్లు బిగిసినవానికి పరీక్షలో కొంత వ్యవధి యిచ్చుట ఉపాధ్యాయుల ఋణము. ఇవి గొప్ప త్యాగములు కావు. అయినను వీనికన్నిటికిని ముందొకటి జరుగవలెను: "నాకు నొప్పిగా నున్నది" అని పసివాడన్నప్పుడు, పెద్దవాడన్న మాటవలెనే దానిని మనము వినవలెను.