అనుకరణ, గాత్రం, ఋణం: సినీ పాటకచేరీలో శ్రోత ధర్మం

పాటకచేరీలో గాయకుడికి దక్కే అత్యున్నత ప్రశంస "అచ్చం ఘంటసాలే" అన్నది. తరువాతి తరానికి అది "అచ్చం బాలూనే" అయింది. పల్నాడు ప్రాంతంలో తిరునాళ్లకు, పెళ్లిళ్లకు, దసరా పందిళ్లకు సినీగీతాలు పాడే ఆర్కెస్ట్రా బృందాల చుట్టూ తరచుగా వినిపించే మాట ఇది. మెచ్చుకోలుగానే పలికే ఈ మాటలో ఒక వైపరీత్యం ఉంది. ఎదుట నిలబడి పాడుతున్న మనిషిని అది పొగుడుతూనే లేకుండా చేస్తుంది. వేదికపై ఉన్న గాయకుణ్ణి వినకుండా, అతని గొంతులో వేదికపై లేని మరొకరిని వినడం న్యాయమేనా? అనుకరణను గురించి అలంకారశాస్త్రం ఎప్పుడో చర్చించింది. రికార్డు వచ్చిన తరువాత ఆ చర్చకు నైతికమైన ముఖం ఒకటి ఏర్పడింది.

నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ తిరునాళ్లను ఉదాహరణగా తీసుకోవచ్చు. మహాశివరాత్రికి పరిసర గ్రామాలవారు త్రికోటేశ్వరస్వామికి మొక్కుబడిగా కట్టుకొచ్చే విద్యుత్ ప్రభల్లో కొన్ని 80 అడుగులు దాటుతాయి. ప్రభ ముందు వేదిక, వేదికపై రాత్రంతా కార్యక్రమం. వెనుకటి బృందాల్లో తబలా, డోలక్, వయొలిన్, గిటారు, ఫ్లూటు వాయించేవారు ఉండేవారు. ఇప్పుడు చాలాచోట్ల కీబోర్డు, ప్యాడ్స్ మిగిలాయి. అవీ లేనిచోట గాత్రం తొలగించిన ట్రాక్ నడుస్తుంది. ప్రత్యక్ష ప్రదర్శన అని మనం పిలిచేదానిలో ప్రత్యక్షంగా మిగిలింది కొన్నిసార్లు గొంతు ఒక్కటే. ఆ ఒక్కటీ వేరొకరిదిగా వినిపించాలని కోరుతున్నాం.

భరతుని రససూత్రానికి శ్రీశంకుకుడు చేసిన వ్యాఖ్యానం ఇక్కడ గుర్తుకు రాకమానదు. నటుడు రాముణ్ణి అనుకరిస్తాడు. బొమ్మగుర్రాన్ని చూసి గుర్రమనుకున్నట్లే సామాజికుడు నటునిలో రాముణ్ణి చూస్తాడు. ఆ ప్రతీతి నిజమూ కాదు, భ్రమా కాదు, సంశయమూ కాదు, సాదృశ్యమూ కాదు. ఇదే చిత్రతురగ న్యాయం. అభినవగుప్తుడు తన గురువు భట్టతౌతుని మార్గంలో దీనిని ఖండించాడు. ఎరిగినదానినే అనుకరించగలం కదా, రాముణ్ణి ఎరిగిన నటుడెవరు? ఎరిగిన ప్రేక్షకుడెవరు? నాటకం విషయంలో ఈ ఆక్షేపణ బలమైనది. పాటకచేరీకి వచ్చేసరికి అది నిలవదు. ఘంటసాలను వినని గాయకుడు లేడు, వినని శ్రోతా లేడు. మూలం అందరి చెవుల్లోనూ, ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉంది. నాట్యశాస్త్ర వ్యాఖ్యాతలు బయటకు పంపిన అనుకరణవాదానికి వెయ్యేళ్ల తరువాత ఆర్కెస్ట్రా వేదిక ఆశ్రయమిచ్చిందన్నమాట. శంకుకుని సామాజికుడికి సరిపోల్చుకునే వీలు లేదు. మన శ్రోత సరిపోల్చడానికే కూర్చుంటాడు.

అయితే ఆ మూలమైనా మనం భావిస్తున్నంత స్థిరమైనదా? 1950, 60 దశకాల్లో గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకేసారి రికార్డు చేసేవారు. ఎవరు తప్పినా మళ్లీ మొదటినుంచి అందుకోవలసిందే. అలా చూస్తే రికార్డు కూడా ఒకనాటి కచేరీయే, పలు టేకుల్లో నిలిచిన ఒక టేకు. పైగా నేపథ్యగానమే ఒక పరకాయప్రవేశం. 1976 నాటి 'మనుషులంతా ఒక్కటే' చిత్రంలో అల్లు రామలింగయ్య పాత్రకు పాడుతూ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తన గొంతును ఆ నటుని పలుకు తీరుకు మలిచారు. ఆ పాటను నేడు తిరునాళ్లలో పాడే గాయకుడు, అల్లును అనుకరించిన బాలును అనుకరిస్తున్నాడు. భేదం ఒక్కటే. మొదటి అనుకరణ బాలసుబ్రహ్మణ్యానికి కీర్తి తెచ్చింది. రెండవదానికి కర్త పేరు ఎవరూ అడగరు.

తెలుగు శ్రోత స్వభావమే ఇంతేమో అనుకోవడానికి వీలు లేదు. ఇదే జిల్లాలోని వినుకొండ గుఱ్ఱం జాషువా జన్మస్థలం. ఆయన శ్మశానవాటి పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన 'సత్య హరిశ్చంద్రీయం' నాటక ప్రదర్శనల్లోకి ప్రవేశించి కాటిసీనులో విడదీయరాని భాగమైపోయాయి. ఆ పద్యాల 'అసలు గాయకుడు' ఎవరు? ప్రశ్నకే అర్థం లేదు. వేషధారి తన శ్రుతిలో, తనకు పట్టుబడిన రాగంలో, తన ఊపిరి నిలిచినంత మేర పాడాడు. జనం వన్స్‌మోర్ అన్నారు. డి.వి. సుబ్బారావు పద్యమంటే అది ఆయన పద్యమే. మరొకరు పాడితే మరొకటి విన్నారు. కారెంపూడిలో పల్నాటి వీరగాథ పాడే వీరవిద్యావంతుల విషయంలోనూ 'అచ్చం ఫలానావారే' అన్న కొలత పుట్టదు. ఇందువల్ల రంగస్థలం నిర్దోషి అని కాదు. ఆ పద్యాలు జాషువావని తెలియకుండానే వన్స్‌మోర్ కొట్టినవారు ఎందరో! కానీ పాడుతున్న మనిషిని పాడుతున్నవాడిగానే వినే అలవాటు ఈ నేలమీద ఉండేదని ఈ ఉదాహరణలు చెబుతాయి. గొంతుకు గొంతు సరిచూసే చెవి గ్రామఫోను, రేడియో, క్యాసెట్ల ద్వారా ఏర్పడినది.

దీనికొక గట్టి ఆక్షేపణ ఉంది. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న, బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. శ్రోత కోరుతున్నది అనుకరణను కాదు, పోయినవారిని, వారితోపాటు పోయిన తన కాలాన్ని. ఆ కోరికను తప్పుపట్టడం కాఠిన్యమే అవుతుంది. పాత పాట ఎత్తుకోగానే కళ్లు ఒత్తుకునే పెద్దవాళ్లను ఏ కచేరీలోనైనా చూడవచ్చు. వారికి శంకుకుడూ అక్కరలేదు, ఈ వ్యాసమూ అక్కరలేదు. శ్రాద్ధంలో భోక్తను పితృదేవతగా భావించినట్లే ఈ గాయకునిలో వారు దివంగత గాయకుణ్ణి భావిస్తున్నారు. ఆ భావన మోసం కాదు. అయితే శ్రాద్ధవిధి అక్కడితో ముగియదు. విస్తరి తీశాక భోక్తకు దక్షిణ ఇచ్చి, నమస్కరించి సాగనంపుతారు. అంతసేపూ ఆవాహన చేసినది ఎవరినైనా, తిని లేచినది ఒక మనిషి అన్న ఎరుక ఆ నమస్కారంలో ఉంది. పాటకచేరీలో మనం చేయనిది ఆ నమస్కారమే.

పాటలోని ఏ అంశానికి విధేయత చెల్లించాలి, దేనికి అక్కరలేదు అన్న విభజన లేకపోవడం ఈ అయోమయానికి మూలమని నా అభిప్రాయం. 2017 మార్చిలో, అమెరికా పర్యటనలో ఉండగా, తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడరాదని ఇళయరాజా పక్షాన బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు అందింది. ఆయన ఆ పాటలను కార్యక్రమం నుంచి తప్పించారు. సినిమాల తొలినాళ్లలో బాలు నడిపిన బృందంలో ఇళయరాజా వాద్యకారుడు. ఆ స్నేహం దృష్ట్యా చాలామంది నొచ్చుకున్నారు. కానీ ఆ వివాదం ఒక విషయాన్ని స్పష్టం చేసింది. రికార్డులో వినిపించిన గొంతు తనదే అయినా ఆ పాట గాయకునిది కాకపోవచ్చు. బాణీ, చరణాల నడుమ వాద్యభాగాలు, సాహిత్యం – ఇవి రచనలు. వాటిని చెడగొట్టకుండా వినిపించడం రచయితకు చెల్లించవలసిన ఋణం. కీబోర్డు కళాకారుడు చరణం ముందరి వయొలిన్ల వరుసను స్వరం పొల్లుపోకుండా వాయిస్తే అది అనుకరణ కాదు, పఠనం. గొంతులోని జీర, నాదంలోని బరువు రచనలు కావు. అవి ఒక దేహానికి చెందినవి. వాటికి విధేయంగా ఉండమని మరొక దేహాన్ని కోరే హక్కు స్వరకర్తకూ లేదు, శ్రోతకూ లేదు. ఒక గాయకుడు తనంతట తానే ఆ విద్యను ఎంచుకుంటే అది వేరు. మిమిక్రీ కూడా కళే.

మన వేదికలపై జరుగుతున్నది దాదాపు దీనికి తలకిందులు. చరణం మింగేస్తే ఎవరూ అడగరు. మాట మారినా పట్టించుకోరు. గొంతు మారితే మాత్రం ఈల వేస్తారు. వ్యాఖ్యాత హీరో పేరు, సినిమా పేరు, ప్రభకు చందా ఇచ్చినవారి పేర్లు చదువుతాడు. కవి పేరు అరుదు. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'లో పాటకు ముందు రచయిత, స్వరకర్తల పేర్లు చెప్పడం ఒక మర్యాదగా స్థిరపడింది. టీవీ ముందు ఆ మర్యాదను వారంవారం విన్న ఊళ్లే ఇవి.

చట్టం ఈ విషయంలో మనకంటే ముందుంది. 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్, ఉచిత ప్రేక్షకుల ముందు గాని మతసంస్థ ప్రయోజనార్థం గాని ఔత్సాహిక సంఘాలు చేసే ప్రదర్శనను ఉల్లంఘనగా ఎంచదు. 2012 సవరణ చేర్చిన 38బి సెక్షన్ ప్రదర్శకునికి తన ప్రదర్శనకు తానే కర్తనని గుర్తింపు కోరే హక్కునిచ్చింది. ఆ రక్షణ సినీతారలకే కాదు, ప్రభ ముందు అర్ధరాత్రి పాడే గాయకునికీ ఉంది. అతడు దానిని అడగలేడు. తన గొంతుతో పాడితే మరుసటి ఏడు పిలుపు రాదన్న భయం అతనికుంది. అందుచేత ఈ ధర్మాన్ని గాయకునిపై మోపడం అన్యాయం. అది పిలిచేవారిది. ప్రభ కట్టే కమిటీ అడ్వాన్సు ఇచ్చే ముందు బృందం నాయకుణ్ణి "బాలు పాటలు ఎవరు పాడతారు?" అని అడుగుతుంది. అతడు ఒక పేరు చెబుతాడు. కరపత్రంలో అచ్చు వేయవలసింది ఆ పేరే.